సూక్తి సంగ్రహము: ఎవరి మాట, ఎవరి ఎంపిక

మా పాఠశాల వసారాలో, ప్రార్థనా సమావేశమునకు పోవు దారిప్రక్కన, ఒక నల్లబల్ల కలదు. దానిమీద ప్రతిదినము ఒక సూక్తి వ్రాయబడుచుండును. ఈ వాడుక ఎప్పుడు మొదలయ్యెనో చెప్పగలవారు ఇప్పుడు మాలో లేరు. పై తరగతుల బాలబాలికలలో పెక్కండ్రు ఆ సూక్తులను తమ పుస్తకములలోనికి ఎత్తి వ్రాసికొందురు. వానికి దినపత్రికలలో కనబడినవియు, ఇంట పెద్దలవలన విన్నవియు, చేతి ఫోనులలో బంధుమిత్రులు పంపినవియు చేర్చుకొందురు. ఏడాది ముగియునప్పటికి ఒక్కొక్కరియొద్ద ఒక చిన్న గ్రంథమే తయారగును. సంస్కృతిని గూర్చియు, అధికారమును గూర్చియు, సంఘమును గూర్చియు లోకము చెప్పుకొను మాటలు వానిలో మిక్కుటముగా నుండును. ఈ అలవాటు మంచిదని అందఱు ననుకొందురు. మేమును అట్లే యనుకొనుచుంటిమి, ఇప్పటికిని అనుకొనుచున్నాము. కాని ఈ సంవత్సరము జరిగిన ఒక చిన్న సంగతి మమ్ము ఆలోచనలో పడవైచినది.

ఒకనాడు సూక్తి వ్రాయు వంతు తొమ్మిదవ తరగతి బాలున కొకనికి వచ్చెను. అతడు "కఱ్ఱ గలవానిదే బఱ్ఱె" యని పెద్ద యక్షరములతో వ్రాసి, క్రింద ఎవరి పేరును వ్రాయక తరగతికి వెళ్లిపోయెను. ప్రార్థన ముగిసినతోడనే ఉపాధ్యాయుల గదిలో చర్చ బయలుదేఱెను. ఇది సూక్తి యెట్లగును, దౌర్జన్యమును మెచ్చుకొను మాట క్రైస్తవ పాఠశాల గోడమీద నుండదగునా యని కొందఱనిరి. లోకములోనున్న సామెతయే కదా, ఉండనిండని మఱికొందఱనిరి. తుదకు తుడిపివేయుటయే మేలని తోచి, తుడిపించి, దాని స్థానమున విధేయతను గూర్చిన మంచిమాట నొకదానిని వ్రాయించితిమి. ఆ బాలుని పిలిచి యడుగవలెనని మాలో నెవరికిని అప్పుడు తోచలేదు. ఆ సంగతిని ఈ వ్యాసము కడపట మరల ప్రస్తావింతుము. అంతకు ముందు, సూక్తులను సేకరించుట యనగా నేమి, దానిలోని మేలెట్టిది, కీడెట్టిది యను విషయమును మాకు తోచినట్లు విన్నవించెదము.

మాటలను ఏర్చి కూర్చుట నిన్న మొన్న పుట్టిన పని కాదు. పరిశుద్ధ గ్రంథములోని సామెతల గ్రంథమును తెఱచి చూడుడు. ఇరువదియైదవ అధ్యాయారంభమున, అచ్చటినుండి వచ్చు సొలొమోను సామెతలను యూదారాజైన హిజ్కియా సేవకులు ఎత్తి వ్రాసిరని చెప్పబడియున్నది. సొలొమోనునకును హిజ్కియాకును నడుమ 200 సంవత్సరములకు పైబడిన కాలము గడచినది. అన్ని తరములు దాటి ఆ మాటలు మనవఱకు వచ్చుటకు, పేరైనను తెలియని ఆ లేఖకుల శ్రమయు నొక కారణము. అదే గ్రంథము కడపటి అధ్యాయమున లెమూయేలు రాజునకు అతని తల్లి చేసిన యుపదేశమును కూర్పబడినది. నోరులేనివారి పక్షమున మాటలాడుట రాజధర్మమని ఆమె కుమారునకు నేర్పెను. రాజాస్థానముల మాటల నడుమ ఒక తల్లి మాటకును చోటిచ్చిన ఆ కూర్పరులు మిక్కిలి వివేకవంతులని మా యభిప్రాయము.

మన తెలుగున 15వ శతాబ్దివాడైన మడికి సింగన "సకలనీతిసమ్మతము" అను గ్రంథమును కూర్చెను. రాజెట్లుండవలెను, మంత్రి యెట్లుండవలెను, సేవకుడెట్లు మెలగవలెను అను విషయములపై తనకు ముందున్న నీతిగ్రంథములనుండి పద్యములను ఏర్చి, విషయముల వరుసను పేర్చి, ఏ పద్యము ఏ గ్రంథములోనిదో చెప్పెను. ఆ మూలగ్రంథములలో ముద్రామాత్యము మున్నగునవి నేడు మనకు దొరకవు. సింగన ఎత్తి చూపిన పద్యములే అవి యొకప్పుడుండెననుటకు సాక్ష్యములు. అతడు గ్రంథనామములను వ్రాయకయే పద్యములను మాత్రము కలగలిపి యుండినచో, ఆ పోయిన గ్రంథముల పేర్లు సయితము మనకు మిగిలియుండెడివి కావు. ఒక మాటతోపాటు దాని యూరును పేరును భద్రపఱచినవాడే నిజమైన సంగ్రహకర్త యని దీనివలన నేర్వవలెను.

వేమన సంగతియు నట్టిదే. వేమనను పండితులు చాలకాలము కవులలో లెక్కింపకపోయినను, జనులు ఆయన పద్యములను నోటను తాటాకులమీదను నిలుపుకొనిరి. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1824 మొదలుకొని ఆ పద్యముల వ్రాతప్రతులను సేకరించి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. 1839 నాటి రెండవ ముద్రణమున పద్యముల సంఖ్య వేయి దాటెను. ఒక ప్రతిలోని పద్యములు మఱియొక ప్రతిలో లేకుండుటయు, ఒకే పద్యము పలుతీరుల నుండుటయు గలదు. మకుటము నంటించినంతమాత్రముననే ప్రతి పద్యమును వేమనదే యగునా? కాదు. అయినను బ్రౌను చేసిన కూర్పే లేనిచో, ఏది వేమనది, ఏది కాదు అని విచారించుటకైనను మనకు ఆధారముండెడిది కాదు. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనను గూర్చి ఉపన్యాసములిచ్చునాటికి, ఆ విచారణకు వలసిన సామగ్రి వందయేండ్లుగా సిద్ధమగుచు వచ్చియుండెను.

కావున సంగ్రహించుట గొప్ప పని. గ్రంథాలయములు లేని పల్లెలనుండి వచ్చు బాలురకు నూఱు పుటల వ్రాతపుస్తకమే గ్రంథాలయము కాగలదు. ఇంతవఱకు మేలు. ఇక కీడు.

సేకరించుట యనగా ఏర్చుట. ఏర్చుట యనగా కొన్నింటిని ఉంచి కొన్నింటిని పాఱవేయుట. ఎవరి చేత ఆ యెంపిక యుండునో వారి చేత కొంత అధికారముండును. దీనికి మేమెఱిగిన దృష్టాంతములలో మిక్కిలి బాధాకరమైనది మన క్రైస్తవుల చరిత్రలోనిదే గావున, దానిని దాచక చెప్పుట మా ధర్మము. 1807లో లండను నగరమున ఒక బైబిలు అచ్చయినది. బ్రిటిషు వెస్టిండీసు దీవులలోని నీగ్రో బానిసల యుపయోగమునకై ఏర్చిన భాగములని దాని ముఖపత్రముననే వ్రాయబడియున్నది. పాతనిబంధనలో పెద్ద భాగమును, క్రొత్తనిబంధనలో సుమారు సగమును దానినుండి తొలగింపబడినవి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యమునుండి వెడలివచ్చిన కథ అందులో లేదు. క్రీస్తునందు దాసుడనియు స్వతంత్రుడనియు భేదము లేదని గలతీయులకు వ్రాసిన మాట లేదు. దాసులు యజమానులకు లోబడవలెనని ఎఫెసీయులకు వ్రాసిన మాట మాత్రము పదిలముగా నున్నది.

చదువరులు ఒక విషయమును గమనింపవలెను. ఆ పుస్తకములో అబద్ధపు మాట యొకటియు చేర్పబడలేదు. ఉన్న ప్రతి వాక్యమును పరిశుద్ధ గ్రంథములోనిదే. అయినను ఆ పుస్తకమంతయు కలిసి ఒక పెద్ద యబద్ధమైనది. దానిని కూర్చినవారు తాము సువార్తసేవ చేయుచున్నామనియే నమ్మియుండవచ్చును. తోటల యజమానులకు కోపము రాకుండ బోధింపవలెనని వారు జాగ్రత్తపడిరి. ఆ జాగ్రత్తయే వారిని తప్పు త్రోవను పట్టించినది. ఆ పుస్తకపు ప్రతులు నేడు మిక్కిలి అరుదు. వానిలో నొకటి అమెరికాలోని నాష్‌విల్ పట్టణమున, ఫిస్కు విశ్వవిద్యాలయమునందున్నది. విడుదలనొందిన బానిసలకు విద్య నేర్పుటకై 1866లో ఆ విద్యాలయమును స్థాపించినవారు మిషనరీ సంఘమునకు చెందినవారే. అదే మతము, అదే గ్రంథము. ఒకచోట సగము దాచి కట్టివేసినది, వేఱొకచోట అంతయు తెఱచి విడిపించినది.

ఈ దృష్టాంతమును మనసునందుంచుకొని మా వసారా బల్లవైపు చూచితిమి. ప్రతిదినపు సూక్తిని ఒక పుస్తకమున వ్రాసియుంచు వాడుక మాకు గలదు. ఆ పుస్తకమును మొదటినుండి త్రిప్పితిమి. పెద్దలకు లోబడుము, కాలమును వృథాచేయకుము, తక్కువ మాటలాడుము అను భావము గలవి పుటలకు పుటలుండెను. ఉపాధ్యాయుడెట్లుండవలెను, తండ్రి యెట్లుండవలెను, పరిపాలకుడెట్లుండవలెను అను మాటలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. పిల్లలకు పెద్దలు చెప్పదలచినవన్నియు నున్నవి. పెద్దలు తాము వినదగినవి లేవు. ఇది యెవరో కుట్రపన్ని చేసినది కాదు. సుద్దముక్క ఎవరి చేతిలోనుండెనో వారికి నచ్చిన మాటలే బల్లమీదికెక్కినవి, అంతే.

ఎంపికలోని దోషమటుండగా, ఎత్తి వ్రాయుటలోని దోషములు రెండు గలవు. మొదటిది, మాటను తప్పుపేరున నిలుపుట. ఏడు సాంఘిక పాపములను పట్టిక యొకటి మన పాఠశాలల గోడలపై మహాత్మాగాంధీ పేరున కనబడుచుండును. రాజకీయము, ధనము, విద్య, వ్యాపారము, విజ్ఞానశాస్త్రము మొదలగునవి తమకు తోడుండవలసిన సుగుణమును విడిచినప్పుడు సంఘమునకు పాపములగునని దాని సారాంశము. గాంధీగారు దానిని 1925 అక్టోబరు 22వ తేదీని తమ "యంగ్ ఇండియా" పత్రికలో ప్రకటించిన మాట నిజమే. కాని అది ఒక మిత్రుడు పంపినదని వారే యచ్చట చెప్పిరి. అదే సంవత్సరము మార్చి నెలలో ఫ్రెడరిక్ లూయిస్ డొనాల్డ్‌సన్ అను ఆంగ్లికను మతాచార్యుడు లండనులోని వెస్టుమినిష్టరు ఆలయమున చేసిన ప్రసంగమునందు ఆ పట్టిక యున్నది. గాంధీగారు తమది కాని మాటను తమదని చెప్పికొనలేదు, మనము వారికంటగట్టితిమి. తనది కాదని చెప్పిన సత్యవ్రతుని పేరుననే అసత్యమును వ్రాయుట ఎంత వింత!

అట్లే, ఒకని యభిప్రాయమును తాను ఒప్పుకొనకపోయినను దానిని చెప్పు హక్కుకై ప్రాణమైనను ఇత్తునను భావము గల వాక్యమును ఫ్రెంచి రచయితయైన వోల్టేరుది యని వ్రాయుదురు. వోల్టేరు 1778లో మరణించెను. ఆ వాక్యము 1906లో ఎవెలిన్ బియాట్రిస్ హాలు అను ఆంగ్ల రచయిత్రి అతనిని గూర్చి వ్రాసిన గ్రంథములోనిది. అతని వైఖరిని వర్ణించుటకు ఆమె కల్పించిన వాక్యము ఆమె పేరును మ్రింగి అతని పేరున లోకమంతట తిరుగుచున్నది. ఇందు నష్టపోయినది ఒక స్త్రీ యని మా బాలికలు గమనింతురు గాక!

రెండవ దోషము, మాటను దాని తావునుండి త్రెంచుట. అధికారమును గూర్చి ఆక్టను ప్రభువు చెప్పిన మాటను ఎఱుగని విద్యార్థి యుండడు. అధికారము మనుష్యుని చెఱుచునని దానిని ఉదాహరింతురు. ఆయన వ్రాసినది, అధికారమునకు చెఱుపు మొగ్గు గలదని. నిరంకుశమైన అధికారము పూర్తిగా చెఱుచునని. మొగ్గు వేఱు, నిశ్చయము వేఱు. మొగ్గు గలదనినప్పుడు మనము జాగ్రత్తపడుటకు చోటున్నది. తప్పక చెడునన్నప్పుడు చేతులు ముడుచుకొని కూర్చుండుటయే మిగులును. ఇంతకును ఆ మాట రాజకీయసభలో చెప్పినది కాదు. 1887 ఏప్రిలు 5వ తేదీని, పోపుల చరిత్రను వ్రాయుచున్న మాండెల్ క్రైటనునకు వ్రాసిన జాబులోనిది. గొప్ప పదవులలోనివారి దోషములను చరిత్రకారుడు మెత్తగా చూడరాదని ఆక్టను వాదము. ఆయన స్వయముగా రోమను కతోలికుడై యుండియు, పోపులను సయితము సామాన్యులను తూచిన త్రాసుననే తూచవలెనని కోరెను. పరులను నిందించుటకు మనము వాడుకొను ఆ మాట, తనవారినే న్యాయముగా విచారింపుమని పుట్టినది! ఈ సందర్భము తెలిసినవాడు దానిని చేతిలో ఱాయివలె విసరలేడు. తన యింటిలోనే మొదట దీపము పెట్టుకొని చూచుకొనును.

మతమును మత్తుమందుతో పోల్చిన కార్లు మార్క్సు మాటయు నట్టిదే. అది 1844లో అచ్చయిన వ్యాసములోనిది. దానికి ముందటి వాక్యముననే ఆయన మతమును పీడితుల నిట్టూర్పుగా వర్ణించెను. ఆ నిట్టూర్పును వదలి మత్తుమందును మాత్రము ఎత్తి వ్రాసినచో, బాధితునిపై జాలిపడిన మాట బాధితుని వెక్కిరించిన మాటగా మాఱును. ఆయనతో మేము ఏకీభవింపము. ఏకీభవింపని వానిమాటను సయితము పూర్తిగా వినుటయే క్రైస్తవ మర్యాద యని మాత్రము నమ్ముదుము. మన గురజాడ అప్పారావుగారు 1910లో వ్రాసిన దేశభక్తి గీతమునుండి సభలలో రెండు పాదములనే వల్లింతురు. దేశీయ వస్తువులను పెంపొందింపుమని, బలము కలుగ తినుమని, తన లాభములో కొంత విడిచి పొరుగువానికి తోడ్పడుమని ఆ గీతము ముందునకు పోవుచున్నది. మొదటి పాదములకు చప్పట్లు చాలును. తరువాతివానికి పని కావలెను. పనిని చెప్పు భాగమే మన నోటినుండి జాఱిపోవుట యాదృచ్ఛికమని మాకు తోచదు.

ఇక సామెతలు. 1868లో కాప్టెన్ కార్ అను సైనికోద్యోగి తెలుగు సామెతలను రెండువేలకు పైగా కూర్చి ప్రకటించెను. జనుల నోట నున్నదానిని దిద్దక చేర్చిన కూర్పులో ఏది యుండునో అదియే యుండును: తెలివియు, హాస్యమును, కడుపుమంటయు, దానితోపాటు కొన్ని కులములను, స్త్రీలను, అంగవిహీనులను కించపఱచు మాటలును. ఇట్టివానిని మా విద్యార్థులు వ్రాసికొనవచ్చునా? వ్రాసికొనవచ్చుననియే మేమందుము, కాని నీతివాక్యములుగా కాదు, సాక్ష్యములుగా. వానిని తుడిపివేసినచో, మన పెద్దలు ఎవరిని ఎట్లు చూచిరో అను సంగతియు తుడిచిపోవును. 1941లో గుఱ్ఱం జాషువాగారు "గబ్బిలము" కావ్యమును ఏల వ్రాయవలసివచ్చెనో, అట్టి సామెతలను ఎఱుగనివానికి సగమే యర్థమగును. అయితే, అట్టి మాట ప్రక్కన "ఇది ఎవరు ఎవరినన్న మాట? అనబడినవారు ఏమని బదులిచ్చియుందురు?" అని తప్పక వ్రాయవలెను.

సామెతలు ఒకదానితో నొకటి పోరాడుటయు గలదు. నిదానమే ప్రధానమను నోరే, ఆలస్యమున అమృతము విషమగునని చెప్పును. రాజు తలచుకొన్న దెబ్బలకు కొదువా యను ఊరిలోనే, ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విఱిగినవనియు చెప్పుకొందురు. మొదటిది రాజువైపునుండి చూచినది, రెండవది లేగదూడవైపునుండి. రెండును మన పుస్తకమునందుండవలెను. వేదమునందును అట్లే. అధికారులకు లోబడుమని రోమీయులకు వ్రాసిన అపొస్తలుని పత్రిక యున్న నిబంధనలోనే, మహాసభ యెదుట నిలిచి మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని పలికిన అపొస్తలుల చరిత్రయు నున్నది. ఒకదానిని వ్రాసికొని వేఱొకదానిని దాచుట 1807 నాటి ముద్రాపకుల పనియే యగును.

సూక్తిని తగినట్లు వాడుట ఎట్లో తెలిసికొనగోరువారు, 1949 నవంబరు 25వ తేదీని రాజ్యాంగ పరిషత్తునందు డాక్టరు అంబేద్కరు చేసిన ప్రసంగమును చదువవలెను. ప్రజాస్వామ్యమును నిలుపుకొనగోరువారు ఎంతటి గొప్పవాని పాదములచెంతనైనను తమ స్వేచ్ఛను సమర్పింపరాదని జాన్ స్టువర్టు మిల్లు చేసిన హెచ్చరికను, ఆయన మిల్లు పేరును చెప్పియే ఉదాహరించెను. అంతటితో విడువక, భక్తి మతమునందు ముక్తిమార్గము కావచ్చునుగాని రాజకీయములందు పతనమునకు దారితీయునని తన దేశపు స్వభావమునకు దానిని అన్వయించెను. పరుల మాటను పేరుతో తెచ్చి, తన మాటను దానికి జోడించి, తన కాలమునకు పనికివచ్చునట్లు చేసెను. పేరును చెప్పుట ఋణము తీర్చుట. తన మాటను జోడించుట ఆ ధనమును వ్యాపారములో పెట్టుట. మన పుస్తకములలోని సూక్తులు చాలవఱకు పాతిపెట్టబడిన తలాంతులవలె నున్నవి.

అందుచేత మేము విద్యార్థులకు చేయు సూచనలివి. పుస్తకమున ఎడమప్రక్క పుటలో సూక్తిని వ్రాయుడు. దానిక్రింద అది ఎవరిదో, ఎవరితో ఎప్పుడు చెప్పినదో, మీకెచ్చట దొరికినదో వ్రాయుడు. తెలియనిచో తెలియదనియే వ్రాయుడు. పెద్ద పేరును ఊహించి తగిలింపకుడు. కుడిప్రక్క పుటను మీకై యుంచుకొనుడు. ఆ మాటను ఒప్పుకొందురా, ఏల? దానికి ఎదురైన మాట మఱియొకటి కలదా? ఆ మాటవలన ఎవరికి మేలు, ఎవరికి కీడు? రెండు పంక్తులైనను మీ మాటలలో వ్రాయుడు. కుడిపుట ఖాళీగానున్నంతవఱకు ఎడమపుట మీది కాదు.

వ్రాసినవి మరల దొరకుటకు ఒక యుపాయము కలదు. ఆంగ్లతత్త్వవేత్తయగు జాన్ లాకు తన సంగ్రహపుస్తకములకొఱకు ఒక విషయసూచికను కల్పించి, 1686లో ఫ్రెంచిభాషయందు ప్రకటించెను. విషయనామముయొక్క మొదటి యక్షరమును, దాని తరువాతి మొదటి అచ్చును చూచి సూచికలో పుట సంఖ్యను వేసికొనుట ఆ పద్ధతి. ఆంగ్లమునకు ఇది కొంత శ్రమ. మన తెలుగునకు గుణింతమే యీ పద్ధతి. "కులము" అను విషయము కు-లోను, "న్యాయము" న్యా-లోను, "పన్నులు" ప-లోను చేరును. రెండవ తరగతిలో నేర్చిన గుణింతమును పదవ తరగతిలో ఇట్లు మరల వాడుకొనవచ్చును.

దీనికి ఆక్షేపణలు రాకపోవు. ప్రతి సూక్తిని ప్రశ్నించుట నేర్చిన పిల్లలు పెద్దలను ఎదిరింతురని కొందఱు తలిదండ్రులు మాతో ననిరి. ఈ భయమును మేము తేలికగా త్రోసివేయము. కాని పెద్దల మాట చద్దిమూట యందురు గదా! చద్దిమూటను విప్పి తిన్నప్పుడే ఆకలి తీరును. నెత్తిపై మోసినంతమాత్రమున తీరదు. విప్పి చూచినప్పుడు ఎక్కడనైన పాసిపోయిన మెతుకు కనబడిన తీసివేయుట మూటకట్టిన తల్లికి అవమానము కాదు. పరీక్షలకు తీఱిక చాలదని మఱికొందఱనిరి. వ్యాసములలో అలంకారముగా గ్రుచ్చిన పది సూక్తులకంటె, చక్కగా విచారించిన ఒక సూక్తి వ్యాసమునకు ఎక్కువ బలము. వారమునకు ఒక్క మాట చాలును.

ఇప్పుడు ఆ బాలుని సంగతి. సూక్తిని తుడిపించిన నాటి సాయంకాలము, మాలో నొకరు మనసాగక అతనిని పిలిచి, ఆ సామెతను ఏల వ్రాసితివని యడిగిరి. అతడు కొంతసేపు తలవంచుకొని నిలిచి, "అది మా నాయనమ్మ మాటండి. గట్టు తగవులో మా చేను కొంత పోయింది. పంచాయతి నుంచి ఇంటికొచ్చి అరుగుమీద కూర్చొని ఆ మాటొక్కటే అన్నది. మరి తగవు మాట ఎత్తలేదండి. పెద్దల సూక్తి రాయమన్నారు గదా అని రాశానండి" అని చెప్పెను.

కఱ్ఱ గలవాడు ఆ మాటనన్నచో అది గర్వము. బఱ్ఱెను పోగొట్టుకొన్నవాడన్నచో అది ఫిర్యాదు. అక్షరములవే, పలికిన నోరు వేఱు. దౌర్జన్యమును మెచ్చుకొను మాట యని మేము తుడిపించినది, దౌర్జన్యమునకు లోనైన ఒక వృద్ధురాలి సాక్ష్యము. దాని స్థానమున మేము వ్రాయించినది విధేయతను గూర్చిన వాక్యము! గట్టు తగవులో ఆమె ఒకసారి ఓడినది. మా వసారాలో రెండవసారి ఓడినది. ఎవరి మాట అని యడుగకపోవుటయే మా తప్పు. ఆ తప్పును ఈ సంచికలో ఒప్పుకొనుటకు మేము సిగ్గుపడము.

వచ్చు సంవత్సరము మొదలుకొని వసారా బల్లమీద సూక్తి క్రింద దానిని చెప్పినవారి పేరును, సందర్భమును వ్రాయవలెనని నిశ్చయించితిమి. ఇంటివారి మాటయైనచో "మా నాయనమ్మ", "మా తాత" అని వ్రాసినను చాలును. వారమున కొకదినము ఉపాధ్యాయులకు పనికివచ్చు మాటను విద్యార్థులే ఏర్చి వ్రాయుదురు. దానిని చదువకుండ ఉపాధ్యాయులెవరును తరగతికి పోరు. ఏ మాటనైన తుడుపవలసివచ్చినప్పుడు, వ్రాసినవానిని పిలిచి విన్న పిదపనే తుడుపుగుడ్డను చేతబట్టుదుము.

ఆ బాలుని నాయనమ్మ మాటను క్రొత్త పుస్తకమున మొదటి పుటలో, ఆమె మాటగనే, వ్రాసియుంచితిమి. కుడిప్రక్క పుట ఖాళీగానున్నది. దానిని నింపుడని విద్యార్థులను, వారి తలిదండ్రులను, మా తోడి యుపాధ్యాయులను వేడుకొనుచున్నాము.